మాదన్నపేట బావిలో లచ్చి

వహీద్‌ను పాతబస్తీలో బావి ఉన్న ఏ ఇంటి ముందు నిలబెట్టినా, సలాం తర్వాత అతను అడిగే మొదటి మాట ఒక్కటే.

"తాంబేలు ఉన్నదా అమ్మా?"

నీళ్ళెంత లోతు, పూడిక తీసి ఎన్నేళ్ళయింది, దిగడానికి మెట్లున్నాయా, ఇవన్నీ తర్వాత. ముందు తాబేలు సంగతి తేలాలి. దాంతో 'తాంబేలు వహీద్' అని పేరు పడిపోయింది. ఆ పేరు ఇష్టం లేనట్టు ముఖం పెట్టేవాడు గానీ, కొత్త గల్లీలో ఎవరైనా 'ఏ వహీద్?' అని అడిగితే తనే ఆ ముక్క ముందు తగిలించి చెప్పుకునేవాడు.

నల్లాలు రాకముందు ఈ గల్లీల్లో పాత ఇల్లంటే బావి ఉండేది, బావి అంటే అందులో ఒక తాబేలు ఉండేది. కొత్త బావి తవ్వినప్పుడు పని చివర్న ఒకదాన్ని తెచ్చి వదిలేవాళ్ళు. హిందువుల ఇళ్ళల్లో పసుపు రాసి వదిలేవాళ్ళు, ముసల్మానుల ఇళ్ళల్లో బిస్మిల్లా అని వదిలేవాళ్ళు. నీళ్ళలో పడ్డాక తాబేలుకు రెండూ ఒకటే. అది కప్పల్నీ నత్తల్నీ పురుగుల్నీ నాచునూ తింటుంది, పొరపాటున పడి చచ్చిన ఎలుకను కూడా వదలదు. అందుకే తాబేలున్న బావి నీళ్ళు కంపు కొట్టవని నమ్మకం. ఒక బావికి ఒకటే తాబేలు. రెండో దాన్ని వేస్తే కొట్టుకుంటాయని కొందరు, ఇంటికి అచ్చిరాదని కొందరు అనేవాళ్ళు. కారణం ఏదైతేనేం, లెక్క మాత్రం ఎవరూ తప్పలేదు.

కథల పుస్తకాల్లో కుందేలుతో పందెం కాసే గట్టి డిప్ప తాబేలు కాదిది. దీని వీపు మీద పలకలుండవు. ఎముక చిప్ప మీద తోలు కప్పి ఉంటుంది, నానిన చెప్పులా మెత్తగా, జారుడుగా. ముక్కు సన్నటి గొట్టం. ఒళ్ళంతా నీళ్ళలో దాచుకుని ఆ గొట్టం కొన మాత్రం పైకి పెట్టి గాలి పీల్చుకుంటుంది. వెనక కాళ్ళ దగ్గర అడుగున రెండు తోలు రెక్కలుంటాయి. భయం వేస్తే కాళ్ళు లోపలికి లాక్కుని ఆ రెక్కల్ని తలుపుల్లా మూసేసుకుంటుంది. మెడ మాత్రం చూసినవాడు నమ్మలేనంత పొడుగు. వీపు మీద పట్టుకున్నాం కదా అని ధీమాగా ఉన్నవాడి వేలును వెనక్కి తిరిగి మరీ అందుకుంటుంది. వహీద్ ఎడమచేతి చిటికెన వేలికి గోరు లేదు. అది యాకుత్‌పురాలో ఒక బావిలోనే ఉండిపోయింది.

బావిలోంచి తాబేలు పైకి వచ్చిందంటే చాలు, గల్లీలోని రోగాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేవి. కొవ్వు కరిగించి నూనె తీసిస్తే కీళ్ళనొప్పులకు రాసుకుంటామని ఒకరు. ఆయాసానికి దాని రక్తం మంచిదట కదా అని ఇంకొకరు. చిప్ప కాల్చిన బూడిద మొలలకు, పిల్ల తాబేలు చిప్ప ఉయ్యాలకు కడితే దిష్టికి. వహీద్ తండ్రి ఖాజా మియా అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు. "బావి తాంబేలు బావిది. నాది గాదు, నీది గాదు, ఆఖర్కి ఇంటోళ్ళది గూడ గాదు." తర్వాత సర్కారు కూడా తాబేళ్ళ గురించి ఇంచుమించు అదే మాట చెప్పింది, కాకపోతే జైలు కూడా జోడించి. వహీద్ భార్య ఇక్బాలున్నీసాకు మోకాళ్ళు పట్టేసి పదేళ్ళు దాటింది. ఊరందరి తాబేళ్ళూ మీ ఆయన చేతుల మీదుగానే పోతాయి కదా, ఒక సీసా నూనె తేలేడా అని చుట్టుపక్కల ఆడవాళ్ళు దెప్పుతారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. అతను తేడని ఆమెకు తెలుసు, తెచ్చినా తనే రాసుకోదు.

ఈ మధ్య వహీద్‌ను పిలిచేది బావి బాగు చేయడానికి కాదు, పూడ్చే ముందు లోపల ఏముందో చూడడానికి. బోర్లు పడ్డాక బావులు ఎండిపోయాయి. అతని సొంత కొడుకు నవీదే కంచన్‌బాగ్ వైపు బోరు మోటార్ల దుకాణంలో పని చేస్తాడు. తండ్రి తవ్విన నీళ్ళు కొడుకు గుంజేస్తున్నాడని ఇంట్లో అదొక వేళాకోళం.

నాగమణమ్మ ఇంటికి వహీద్ వెళ్ళింది కూడా అలాంటి పని మీదే. మాదన్నపేట మండి వెనక గల్లీలో ఉల్లిగడ్డల టోకు వ్యాపారం చేసే ఇల్లు అది. భర్త పోయాక దుకాణం గద్దె మీద తనే కూర్చుని, కొడుకు మనీష్ అందివచ్చేదాకా మండిలో మగవాళ్ళ నోళ్ళు మూయించిన మనిషి ఆమె. గద్దె మీద ఎంత కరుకో, ఇంటి వెనక బావి దగ్గర అంత మెత్తన. ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో ఖాజా మియా ఆ బావిలో తాబేలును వదిలాడు. అప్పటికి ఆమెకు అత్తగారింట్లో ఎవరితోనూ చనువు లేదు. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక మిగిలిన మెతుకులు బావిలో వేసి, దానికి తనే పెట్టుకున్న పేరుతో "లచ్చీ" అని పిలిచేది. కాసేపటికి నీళ్ళ మీదికి గొట్టం ముక్కు వచ్చేది. ఆ ఇంట్లో ఆమె పిలిస్తే పలికిన మొదటి ప్రాణి అదే.

ఇప్పుడు మనీష్ వెనకభాగంలో గదులు వేస్తున్నాడు. సరిగ్గా బావి ఉన్నచోటే పిల్లర్ పడాలి. నాగమణమ్మ కొడుకుతో పెద్దగా లొల్లి పెట్టుకోలేదు. ఒకటే కోరింది. పూడ్చేముందు లచ్చిని ప్రాణంతో పైకి తీయాలి. తీసి అటవీశాఖ వాళ్ళకిస్తే ఎక్కడో మంచి చెరువులో వదులుతారు.

"హోలీ దాక మెతుకులేస్తే వచ్చింది వహీదూ. నీళ్ళు అడుగంటినంక కనిపిస్తలేదు. జర మంచిగ చూడు," అంది.

"ఫికర్ జెయ్యకమ్మా. ఉంటే నా చేతికి దొరకకుండ ఏడికి పోతది?"

దీపం దించి గాలి చూశాడు. దీపం ఆరలేదు గానీ సన్నగా కొట్టుకుంది. మోకు పట్టుకుని దిగాడు. అడుగున నీళ్ళు లేవు, మోకాలి లోతు నల్లటి బురద. గాలి బరువుగా ఉంది. పైనుంచి నాగమణమ్మ ఊపిరి ఊపిరికీ "దొరికిందా?" అని అడుగుతోంది. బావి నడుమ బురదలో చెయ్యి పెడితే వెడల్పాటి చిప్ప తగిలింది. కదల్లేదు. కాళ్ళు లేవు, మెడ లేదు.

"దొరికిందమ్మా," అన్నాడు. కాస్త ఆగి, "సచ్చిపోయింది," అన్నాడు.

ఒక బావికి ఒకటే తాబేలు. ఆ ఒకటీ దొరికాక ఇంకా వెతకడానికి ఏముంది? అతను పైకి వచ్చేశాడు. బురద కారుతున్న చిప్పను నాగమణమ్మ రెండు చేతులా అందుకుంది. పసుపు, కుంకుమ పెట్టింది. ఆ పూట తలస్నానం చేసి, అన్నం ముట్టలేదు. "మల్లెచెట్టు కింద నేను పెడ్త తియ్యమ్మా," అని మేస్త్రీ ప్రేమ్‌రాజ్ ఆ చిప్పను తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున వహీద్ మళ్ళీ వచ్చాడు. బురద కడిగి గోడమీద ఆరేసి వెళ్ళిన మోకు, గిలక తీసుకుపోవడానికి. అప్పటికే ట్రాక్టర్ ఒక దఫా మలబా తెచ్చి బావిలో పోసి వెళ్ళింది. పగలగొట్టిన పాత గోడల ఇటుకముక్కలు, సున్నం పెళ్ళలు. బోరు పంపు పక్కన ప్రేమ్‌రాజ్ వంగి, బకెట్లో ఏదో బ్రష్షుతో రుద్దుతున్నాడు. చూస్తే నిన్నటి చిప్పే.

"మల్లెచెట్టు ఇదేనా అన్నా?" అన్నాడు వహీద్.

ప్రేమ్‌రాజ్ గొంతు తగ్గించాడు. "ఎవరికి జెప్పకు భాయ్. మా బావమర్దికి మొలలు. కాల్చి బూడిద జేసి కొబ్బరినూనెల కలిపి పెడ్తె తగ్గుతయంటరు గద."

ఆ బావమరిది ఏ ఊళ్ళో ఉంటాడని వహీద్ అడగలేదు. ప్రేమ్‌రాజ్ వారం నుంచీ నిలబడే అన్నం తింటున్న సంగతి పనివాళ్ళందరికీ తెలుసు. జైలుకు పోతావని చెప్పడానికి నోరు తెరిచాడు గానీ, ఆ మాట సగంలో ఆగిపోయింది. బురద పోయాక చిప్ప ఎట్లా ఉందో అతను అప్పుడే చూశాడు.

తెల్లగా ఉంది. గుంటలు గుంటలుగా, ఉత్త ఎముక. తోలు అన్నది గోరంత కూడా లేదు. ప్రేమ్‌రాజ్ బ్రష్షు పెట్టి గట్టిగా రుద్దితే ఒక అతుకు ఊడి ముక్క చేతికొచ్చింది. హోలీకి అన్నం తిన్న తాబేలు తోలు, ఇంత చల్లటి బురదలో ఇన్ని రోజులకే ఇట్లా పోదు. వాసన ఉంటుంది, మాంసం ఉంటుంది, అంచుల మెత్తని తోలైనా ఉంటుంది. ఇది చచ్చి ఏళ్ళు గడిచిన తాబేలు. బురద జారుడునే నిన్న తోలనుకున్నాడు.

హోలీకి మెతుకులు తిన్నది ఇది కాదు. అది ఇంకా లోపలే ఉంది. నీళ్ళు అడుగంటితే ఈ జాతి తాబేలు ఏం చేస్తుందో వహీద్ వందమందికి చెప్పి ఉంటాడు. బురదలోకి తవ్వుకుపోయి, అంతా లోపలికి లాక్కుని, తలుపులు మూసుకుని పడుకుంటుంది. తిండి లేకుండా, కదలకుండా, తోలుతోనే కాస్తంత గాలి తీసుకుంటూ వానలు పడేదాకా నెలల తరబడి ఉండగలదు. తట్టినా లేవదు. అది పడుకున్న చోటి మీద ఇప్పుడు ఒక ట్రాక్టర్ మలబా ఉంది. రెండో ట్రాక్టర్ గల్లీ మలుపులో హారన్ కొడుతోంది.

మరి ఆ రెండో తాబేలు ఎక్కడిది? ఈ ప్రశ్నకు కూడా జవాబు అతనికే గుర్తొచ్చింది. నాగమణమ్మ భర్త చనిపోయిన సంవత్సరం అది. దినాలకు ముందు బావి శుభ్రం చేయమని కబురొస్తే తండ్రి వెంట తనూ వచ్చాడు. ఆ రోజు లోపలికి దిగింది అబ్బానే. సాయంత్రం మీరాలం చెరువు జాలర్ల దగ్గరికి పోయి తడి గోనెసంచి ఒకటి పట్టుకొచ్చాడు. మర్నాడు ఆడవాళ్ళందరూ లోపల ఉన్నప్పుడు, సంచి మూతి విప్పి బావిలోకి వంచాడు. బావి కడిగేటప్పుడు పైకి తీసి చెరువు నీళ్ళలో ఉంచిన తాబేలునే మళ్ళీ వేస్తున్నాడనుకున్నాడు వహీద్. చచ్చినదాన్ని అబ్బా బురదలోకి తొక్కేసి, భర్త పోయిన ఇంట్లో ఇంకో చావు కబురు చెప్పకుండా నోరు మూసుకున్నాడని ఇన్నేళ్ళకు అర్థమైంది.

వహీద్ గోడ పక్కన చతికిలబడ్డాడు. అతనికి సిగ్గు వేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి అతను. బావుల దగ్గర అతని మాటకు ఎదురు లేదు. ఇప్పుడు మోకు భుజాన వేసుకుని పోతే అడిగేవాళ్ళు లేరు. ఆమె ఏడ్చాల్సిన ఏడుపు నిన్ననే ఏడ్చేసింది. చెబితే తన పేరు పోతుంది. దాంతోపాటు అబ్బా చేసింది కూడా బయటపడుతుంది. పైగా మలబా కింద అది ఇంకా బతికి ఉందని ఎవరు చెప్పొచ్చారు? ఆమెను రెండుసార్లు ఏడిపించినట్టవుతుంది. ట్రాక్టర్ వెనక్కి వచ్చి బావి అంచున ఆగింది. డ్రైవర్ ట్రాలీ ఎత్తబోతున్నాడు.

"రోకో!" అని వహీద్ అరిచాడు. లేచి నేరుగా ఇంట్లోకి పోయాడు.

నాగమణమ్మ ముందుగదిలో వెల్లుల్లి పాయలు వలుస్తోంది. మనీష్ ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అమ్మా, నిన్న నేను తప్పు చెప్పిన. ఆ చిప్ప పాతది. మస్తు పాతది. మీరు మెతుకులేసింది ఇంక లోపల్నే ఉన్నది."

మనీష్ ఫోన్ దించాడు. "ఏంది వహీద్ భాయ్, నిన్న నువ్వే గద సచ్చిందంటివి?"

"అంటి సేఠ్. చూసుకోకుండ అన్న."

"మలబా పడ్డంక గిప్పుడు దిగుతవా? ఒర రాళ్ళు జారితే ఎవరు జిమ్మేదారి?"

"నా తప్పు, నేనే దిగుత."

నాగమణమ్మ చేతిలోని పాయను చేటలో పెట్టింది. "బావిల ఉన్నదొకటే గద. ఇంకోటి ఏడికెల్లి వచ్చింది?" అని అడిగింది.

"తీసినంక చెప్తనమ్మా."

ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసింది. "ట్రాక్టర్ తీసెయ్యమను మనీష్," అంది. మండి గద్దె మీది గొంతు అది. మనీష్ బయటికి పోయి ట్రాక్టర్‌ను వెనక్కి పంపించాడు.

మళ్ళీ దీపం దించారు. వహీద్ దిగి ఇటుకముక్కల్ని తట్టల్లోకి ఎత్తుతుంటే పైన ప్రేమ్‌రాజ్, పనివాళ్ళు గుంజారు. చిప్ప సంగతి ఎక్కడ బయటపెడతాడోనని ప్రేమ్‌రాజ్ ఆ రోజు ఇద్దరి పని చేశాడు. రెండుసార్లు పెళ్ళలు జారి వహీద్ భుజానికి తగిలాయి. ఊపిరి ఆడక పైకి వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ దిగాడు. మధ్యాహ్నం గడిచాక బురద బయటపడింది. ఈసారి నడుమ వెతకలేదు. ఊట వచ్చే మూల ఎటుందో రాళ్ళ చెమ్మను బట్టి చూసుకుని, అక్కడ మోచేతి దాకా చేతులు పెట్టాడు. నిన్న చేయాల్సిన పని అది. అబ్బా ఉండి ఉంటే చెంప పగలగొట్టేవాడు.

రాతి సందు కింద చేతికి తగిలింది. ఈసారి నిజంగా తోలు. అడుగున తడిమి చూస్తే రెక్కలు రెండూ బిగించి మూసి ఉన్నాయి. కదలిక లేదు. పైన ఇటుకలు పడ్డచోట వీపు మీద ఒక గీత చీరుకుపోయి ఉంది. దాన్ని తట్టలో పెట్టి పైకి పంపాడు. ఈసారి బతికిందనీ అనలేదు, చచ్చిందనీ అనలేదు.

ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి, మునిగీ మునగకుండా దాన్ని అందులో ఉంచారు. అది రాయిలా పడి ఉంది. పనివాళ్ళు కాసేపు నిలబడి చూసి, చాయ్‌కి వెళ్ళిపోయారు. మనీష్ అటవీశాఖ వాళ్ళకు ఫోన్ చేసి, ఏమని చెప్పాలో తెలియక "ఒక తాబేలు ఉంది, రండి" అని మాత్రం చెప్పాడు. నాగమణమ్మ గంగాళం పక్కన పీట వేసుకుని కూర్చుంది. వహీద్ బురద బట్టలతోనే ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

ఎండ గోడమీదికి ఎక్కాక వెనక రెక్కల్లో ఒకటి కొద్దిగా తెరుచుకుంది. ఒక కాలి గోళ్ళు బయటికి వచ్చి నీళ్ళను గీకాయి. వహీద్ కళ్ళ వెంట నీళ్ళు కారాయి. తుడుచుకుంటే బురద కళ్ళల్లో పడి ఇంకా కారాయి.

అప్పుడు చెప్పాడు. అబ్బా, తడి గోనెసంచి, మీరాలం చెరువు, ఆడవాళ్ళు లోపల ఉన్న ఆ పూట, అంతా చెప్పాడు. "మీరు పెండ్లయి వచ్చినప్పుడు ఏసింది గా చిప్పదమ్మా. అది పెద్ద సేఠ్ పోయినప్పుడే పోయింది. ఇది ఇంకోటి. ఇది లచ్చి గాదు."

నాగమణమ్మ గంగాళంలోని నీళ్ళు దోసిట్లో తీసి దాని వీపు మీద పోసింది.

"ఆ యేడు నేనెవ్వరితోని మాట్లాడలె," అంది. "రోజూ బావి కాడికి పోయి దీన్ని పిలుస్తుంటి. రాకపోయుంటే ఏం జేద్దునో." కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, బోరు దగ్గరికి పోయి ప్రేమ్‌రాజ్ ముందు చెయ్యి చాచింది. ప్రేమ్‌రాజ్ తలవంచుకుని సిమెంటు సంచుల వెనక నుంచి చిప్పను, ఊడిన ముక్కను తెచ్చి ఇచ్చాడు. ఆమె ఒక్క మాట కూడా అడగలేదు. అడగనందుకే అతనికి ఎక్కువ ఇబ్బందిగా ఉన్నట్టుంది. కాసేపటికి అతనే, బస్తీ దవాఖానకు పోతే మందు ఇస్తారా అని వహీద్‌ను అడిగాడు.

చిప్పను తట్టలో పెట్టి వహీద్ చేతికిచ్చింది ఆమె. "దీన్ని దింపు. బావిది బావికే."

అది తన తండ్రి మాటేనని ఆమెకు తెలుసో లేదో వహీద్ అడగలేదు. మోకు వదులుతూ మెల్లగా దించాడు. అడుగు తగిలాక మోకు అటూ ఇటూ కదిపి తట్టను వంచి, ఖాళీ తట్ట పైకి లాక్కున్నాడు.

పొద్దు వాలుతుండగా అటవీశాఖ మనుషులిద్దరు నీలం ప్లాస్టిక్ డబ్బాతో వచ్చారు. అందులో తడి గుడ్డ పరిచి ఉంది. వీపు మీద దెబ్బ చూసి, మందు వేసి నయమయ్యాక ఊరి బయట చెరువులో వదులుతామన్నారు. గంగాళంలోంచి ఎత్తగానే తాబేలు మళ్ళీ అంతా లోపలికి లాక్కుని తలుపులు మూసేసుకుంది. డబ్బాలో పెట్టారు. మూత వేయబోతుంటే నాగమణమ్మ ఆగమంది.

వంగి డబ్బా అంచు పట్టుకుని, ఎప్పుడూ పిలిచే గొంతుతోనే పిలిచింది.

"లచ్చీ."

కాసేపు ఏమీ కాలేదు. అటవీశాఖ మనిషి వాచీ చూసుకున్నాడు. తర్వాత తడి గుడ్డ మడతలోంచి సన్నటి గొట్టం ముక్కు మెల్లగా బయటికి వచ్చి, పైకి లేచి, గాలి పీల్చుకుంది.

నాగమణమ్మ నిలబడి వహీద్ వైపు తిరిగింది.

"పలికింది గద," అంది. "ఇంక లచ్చి గాదంటవేంది?"